తుర్కమాను కుంచెపై మోపిన నింద

పారసీక గ్రంథచిత్రకళను గూర్చి మనవారు వ్రాయు వ్యాసములందును, సభలలో చేయు ప్రసంగములందును ఒక వాదము అప్పగించిన పాఠమువలె మరల మరల వినవచ్చుచున్నది. తైమూరు వంశీయుల హెరాతులో బిహ్జాదు చేతిమీదుగా ఆ కళ శిఖరమెక్కినదట. సఫవీ పాదుషాల తబ్రీజులో మరల వెలిగినదట. ఈ రెండింటి నడుమ పడమటి ఇరానును ఏలిన తుర్కమాను ప్రభువుల కాలము వట్టి సంధికాలమట. వారి షీరాజు పనివాండ్రు చేసినది అంగడికై చేసిన చవుకసరకట. ఆ సరకే ఓడలెక్కి దక్కనునకు వచ్చి గోల్కొండలో మఱింత పలుచబడిన అనుకరణమైనదట. ఇక అట్టి అనుకరణముతో తెలుగువానికి పొత్తేమియు లేదట. ఈ ‘అట’లన్నియు ఒకదానిపై నొకటి ఆధారపడి నిలిచియున్నవి. మొదటి రెండింటితో నాకు తగవు లేదు. బిహ్జాదును తక్కువచేయుట ఎవ్వరికిని వశము కాదు. తక్కిన నాలుగును నిలువజాలవని చూపుటయే నా ఉద్దేశము.

ఆనేకల్లులో కూర్చుండి తబ్రీజును గూర్చి వాదులాట యేల యని అడుగువారు లేకపోలేదు. సుగటూరు పాళెగాండ్రు ఏలిన కోటయూరు, ధర్మరాయస్వామి గుడి, ఏటేట జరుగు కరగ, వీథివీథిన పట్టుమగ్గముల చప్పుడు, తెలుగును కన్నడమును అరవమును దక్కనీ ఉరుదువును ఒక్క అంగడి ముంగిట వినబడు సరిహద్దు బ్రతుకు, ఇవియే గదా మా యూరి ఆస్తిపాస్తులు! అయినను 1799 మార్చి నెలలో జనరల్ హారిస్ నడపిన కుంఫిణీసేన రాయకోట దాటి, కెలమంగలము మీదుగా ఈ ఆనేకల్లు దారినే శ్రీరంగపట్టణమునకు సాగినది. దాని వెంట నిజాము పంపిన హైదరాబాదు పటాలములును నడచినవి. మే 4వ తేదీన కోట కూలిన పిదప, దాదాపు 2000 సంపుటములు గల టిపూసుల్తాను గ్రంథాలయము విజేతల చేజిక్కెను. వానికి 1809లో పట్టిక ప్రకటించిన చార్లెస్ స్టూవర్టు, హైదరుగాని టిపూగాని వెలయిచ్చి కొన్నవి అందులో బహుస్వల్పమనియు, అత్యధికభాగము సావనూరు, కడప, కర్ణాటక సీమలనుండి కొల్లగా వచ్చినదనియు, కొన్ని పూర్వము బిజాపురము, గోల్కొండల సుల్తానులవనియు చెప్పియున్నాడు. మాళవదేశపు మాండూలో 1500 ప్రాంతమున చిత్రింపబడిన నిమత్‌నామా యను పాకశాస్త్రగ్రంథమును ఆ భాండారమునుండియే లండను చేరినది. మీసములు నిక్కబొడుచుకొన్న మాళవ సుల్తాను ఘియాస్ షా దొడ్డిలోనో తోటలోనో పీఠమువేసికొని కూర్చుండగా, చుట్టును దాసీలు సమోసాలు వండుచుందురు. ఆ పచ్చిక గుబుళ్లు, ఆ గుండ్రని ముఖములు, ఆ ఎత్తైన క్షితిజరేఖ, అన్నియు షీరాజు తుర్కమాను ఫణితివే. ఏ కుంచెను మనవారు దూరదేశపు చవుకసరకని త్రోసివేయుచున్నారో ఆ కుంచె మా యూరికి నాలుగు మజిలీల దూరమున చిరకాలము కాపురమున్నదన్నమాట.

మఱియొక విడ్డూరము. 1932లో గుఱ్ఱము జాషువ ‘ఫిరదౌసి’ కావ్యము వెలువడినది మొదలు, గజనీ మహమ్మదు బంగారమని చెప్పి వెండి కొలిచిన కథ తెలియని తెలుగు పాఠకుడు లేడు. ఆ వృద్ధకవి దుఃఖమునకు మనము చేయెత్తి కన్నీరు తుడుచుకొన్నాము. కాని ఆయన 1010 నాటికి ముగించిన షాహ్‌నామాలోని 50,000 పైచిలుకు బైతులను తరువాతి శతాబ్దములలో ఏ చేతులు ఎట్లు వ్రాసి ఏ రంగులతో నింపినవో విచారింప మనకు ఓపిక చాలలేదు. కవికి జరిగిన అన్యాయము కావ్యవస్తువైనది. చిత్రకారునకు జరుగుచున్న అన్యాయము మన నోటనే జరుగుచున్నది.

ముందుగా ఆ ‘అంగడిసరకు’ మాటను పట్టుకొందము. పారసీక చిత్రములను వర్గీకరించిన ఆంగ్లపండితులలో అగ్రగణ్యుడైన బి. డబ్ల్యు. రాబిన్సను, 15వ శతాబ్ది ఉత్తరార్ధమున షీరాజులో విస్తారముగా తయారైన గ్రంథములకు ‘వాణిజ్య తుర్కమాను శైలి’ యని పేరు పెట్టెను. ఆయన దానిని వర్గమునకు గుర్తుగా వాడెనేగాని తిట్టుగా వాడలేదు. తరువాతివారు గుర్తును తీర్పుగా మార్చుకొనిరి. సంగతి యేమనగా, నల్లగొఱ్ఱెల తెగవారని ప్రసిద్ధిగొన్న కారా కొయున్లు, తెల్లగొఱ్ఱెలవారైన ఆక్ కొయున్లు పాలించిన కాలమున, షీరాజునందు రాజాస్థానపు ఆజ్ఞకై ఎదురుచూడక, కొనువారు కలరని యెఱిగి సచిత్రగ్రంథములను వ్రాయు కార్ఖానాలు వెలసినవి. లేఖకుడొకడు నస్తాలీఖు లిపిలో వ్రాయును. మఱియొకడు పుటకు బంగారు నీలిగీతల చట్రము కట్టును. చిత్రకారుడు విడిచిన చోటును నింపును. గ్రంథము అమీరునకో, వర్తకునకో, దూరదేశపు ప్రభువునకో చేరును. ఇందు దోషమెక్కడ? ఒకే అచ్చున కూర్పులు మరల మరల వచ్చుచున్నవి గదా యందురు. మా యూరి మగ్గముమీద హంసల అంచు తరతరములుగా నేయబడుచున్నది. వేయిన్నొకటవ చీరపై హంస వచ్చినంతమాత్రమున నేతగాని చేయి చచ్చినదని ఏ పెండ్లికూతురైన అన్నదా? పదేపదే వచ్చుటచేత కూర్పు అరిగిపోవచ్చును, సానబట్టబడవచ్చును. ఏది జరిగినదో కన్నులు విప్పి చూచి చెప్పవలెనేగాని, ‘అంగడి’ యను మాట విని ముఖము త్రిప్పుకొనరాదు.

కావున ఒక పుటను దగ్గఱగా చూతము. షాహ్‌నామా పుట సాధారణముగ నాలుగు నిలువుగడులుగా వ్రాయబడును. ప్రతి యడ్డువరుసలో రెండు బైతులు ఎదురెదురుగా కూర్చుండును. రుస్తుము తన కన్నకొడుకని యెఱుగక సొహ్రాబును నేలగూల్చి రొమ్ము చీల్చిన ఘట్టమనుకొనుడు. షీరాజు లేఖకుడు ఆ బైతును చిత్రమునకు సరిగా తలమీద వచ్చునట్లు లెక్కచూచుకొని గడులు నింపుకొనుచు వచ్చును. చదువరి గొంతు ఆ మాటవద్ద ఆగునప్పటికి కన్ను బొమ్మలోనికి జారును. బొమ్మలో ఏమున్నది? లేత పసుపునేలపై వరుసదీరిన పచ్చిక గుబుళ్లు, కుదిమట్టమైన రెండు దేహములు, కత్తి, చేతిపై తండ్రి యిచ్చిన తాయెత్తు, ఒకప్రక్క రెండు గుఱ్ఱములు, కొండ యంచు వెనుకనుండి తొంగిచూచు ఇద్దఱు ముగ్గురు సైనికులు. అంతకు మించి ఏమియు లేదు. హెరాతు చిత్రకారుడైనచో మేడలు కట్టును, వాగులు పాఱించును, చెట్టుచెట్టునకు పూవులు పూయించును. అవి మనోహరములే, కాని అంత వైభవమున సొహ్రాబు చావు వెదకికొనవలసి వచ్చును. షీరాజువాడు ఆ తండ్రిని ఆ కొడుకును దిక్కులేని బయలులో ఒంటరిగా విడిచినాడు. ఇది చేతగానితనమని కొట్టివేయువారు ఇతిహాసమును బొమ్మకై చదువుచున్నారు. ఆ గ్రంథము కొన్నవాడు బొమ్మను ఇతిహాసముకై చూచినాడు. కథ చెప్పుటకే పుట్టిన చిత్రమును గోడకు తగిలించు చిత్రపు కొలబద్దతో కొలుచుటయే ఈ నిందకంతకును మూలము.

షీరాజు కార్ఖానాలలో పెద్ద ఊహకు తావులేదన్నవారికి ‘ఖావరాన్‌నామా’ను చూపవలెను. ఇబ్న్ హుసాము 15వ శతాబ్ది పూర్వార్ధమున షాహ్‌నామా ఛందస్సులో హజ్రత్ అలీ సాహసగాథలను చెప్పిన కావ్యమది. దాని మహాప్రతియొకటి 1476 తరువాతి దశాబ్దమున షీరాజులో చిత్రింపబడినది. బొమ్మలలో కొన్నింటిపై ఫర్హాదు అను చిత్రకారుని పేరున్నది. అగ్నిజ్వాలలు క్రక్కు నాగములు, కొండలంత దైత్యులు, నల్లని సముద్రముపై దేవదూతలు! ఆ రంగుల సాహసమును ఏ యాస్థానమును తనదని చెప్పుకొనుటకు సిగ్గుపడదు. ఆ గ్రంథము అధికభాగము టెహరానులో నిలిచినది. కొన్ని పత్రములు విడివడి పాశ్చాత్యదేశముల పాలైనవి.

ఇంతకంటె బలమైన సాక్ష్యము గీలాను సీమనుండి వచ్చుచున్నది. అచటి కార్‌కియా వంశపు సుల్తాను అలీ మీర్జాకై 1493-94లో వ్రాయబడిన షాహ్‌నామాలో 300కు పైగా చిత్రములుండెను. అందు ఒక చేయి మనుష్యులకు దేహమునకు మించిన పెద్ద తలలు వ్రాసినది. ఆ వింత కారణముగ పండితలోకము దానిని ‘పెద్దతలల షాహ్‌నామా’ యని పిలుచుచున్నది. అదే గ్రంథమున, పుట త్రిప్పిన తోడనే, షీరాజు అంగడిశైలి యని మనము చులకనచేయు బొమ్మలు కనబడును. సొమ్మిచ్చి చేయించుకొన్న ప్రభువునకు ఈ రెండును ఒక కప్పు క్రింద ఇముడరానివని తోపలేదు. ఆస్థానమునకును అంగడికిని నడుమ మనము కట్టుచున్న గోడ ఆ కాలమున లేదు. ఉన్నను దానికి తలుపులు తెఱచియే యుండినవి.

ఇక సంధికాలవాదము. ఈ వాదమున కొక సౌకర్యము గలదు: ఒక కాలమును వంతెన యనినచో దానిపై నడచిపోవచ్చునుగాని ఆగి చూడనక్కఱలేదు. నిజామీ కవి ‘ఖమ్సా’ యను కావ్యపంచకపు ప్రతియొకటి ఇప్పుడు ఇస్తాంబూలులోని తోప్‌కాపీ భవనమున నున్నది. దాని జాతకమును చదివిన ఈ సౌకర్యము తొలగును. తైమూరు వంశీయుడైన బాబరు మీర్జా హెరాతులో దానిని ఆరంభింపజేసెను. (మనదేశమును గెలిచిన బాబరు వేఱు.) ఆయన మరణించిన పిదప కారా కొయున్లు ప్రభువు జహాన్‌షా 1458లో హెరాతును ఆక్రమించుటతో అది ఆయన కొడుకు పీర్ బుదాకు చేతికి వచ్చెను. ఆ పీర్ బుదాకు షీరాజులోను బాగ్దాదులోను ఉత్తమగ్రంథములను వ్రాయించిన రసికుడు. తండ్రిపై తిరుగబడి 1466లో ప్రాణము పోగొట్టుకొనెను. మఱుసటి యేటనే జహాన్‌షా తెల్లగొఱ్ఱెల నాయకుడైన ఉజున్ హసను చేత హతుడయ్యెను. గ్రంథము మాత్రము చావలేదు. ఉజున్ హసను కొడుకు ఖలీలుకు, అతని పిదప తమ్ముడు యాకూబునకు సంక్రమించినది. యాకూబు కాలమున షేఖీ, దర్వేష్ ముహమ్మదు అను చిత్రకారులు తబ్రీజులో దానికి బొమ్మలు వ్రాసిరి. 1490లో యాకూబు గతించిన పిదప సఫవీ వంశస్థాపకుడైన షా ఇస్మాయీలు కాలమున మఱికొన్ని చేరినవి. శత్రువును చంపి రాజ్యము కొల్లగొన్నవాడు, ఆ శత్రువు సగము వ్రాయించిన పుస్తకమును మాత్రము చింపివేయక, దానికి తన చిత్రకారుని కూర్చుండబెట్టినాడు. షేఖీ వ్రాసిన, ఖమ్సా కథలోని బహ్రాముగూరు రాజు మందిరములలో పచ్చదనము చట్రమును త్రోసికొని వచ్చుచున్నట్లుండును. ఆకు, రాయి, మేఘము, అన్నియు ఒకే ఊపిరితో కదలుచుండును. దీనిని ఎక్కడికో పోవు త్రోవ యనువారు, త్రోవ ప్రక్కనున్న నగరమును చూడలేదన్నమాట.

ఆ నగరమున చేయి తిరిగినవాడే సుల్తాను ముహమ్మదు. సఫవీ చిత్రకళకు ఆదిపురుషుడుగా అందఱు కీర్తించునట్టి ఈయన మొదటి కృతులలోనిదిగా పేర్కొనబడు ‘నిద్రించు రుస్తుము’ నేడు బ్రిటిష్ మ్యూజియమున నున్నది. సప్తసాహసములలో మొదటి ఘట్టమది: రుస్తుము అలసి అడవిలో నిద్రించుచుండగా అతని గుఱ్ఱము రఖ్షు సింహమును ఎదిరించి చంపును. చిత్రమున వీరుడు నిశ్చింతగా పండుకొనియున్నాడు; చుట్టును అరణ్యము మరుగుచున్నది; ఆకులు నాలుకలవలె లేచుచున్నవి; బండలు ఏ క్షణముననైన ముఖములు విప్పునట్లున్నవి; నడుమ గుఱ్ఱము సింహమును కఱచిపట్టినది. హెరాతు సంయమము, కొలతలు, నెమ్మది ఇందు వెదకినను దొరకవు. ఇది నూటికి నూరుపాళ్లు తబ్రీజు తుర్కమాను రక్తము. తరువాత ఆయనయే ఇస్మాయీలు కొడుకైన షా తహ్మాస్పు షాహ్‌నామాకై ‘గయోమర్తు కొలువు’ను వ్రాసెను. తొలిరాజు కొండకొమ్మున కూర్చుండగా చిఱుతతోళ్లు కప్పిన ప్రజలు చుట్టును నిలిచియుందురు. శిలలలో దాగిన మనుష్యుల, మృగముల రూపులను లెక్కింప ఒక పూట చాలదు. 1544లో దోస్త్ ముహమ్మదు ఒక చిత్రసంపుటమునకు వ్రాసిన పీఠికలో, ఆ చిఱుతతోళ్లవారి చిత్రమును చూచి పేరుగాంచిన చిత్రకారులే తలలు దించుకొనిరని చెప్పియున్నాడు. ఆ చిత్రమునందు హెరాతు నేర్పును గలదు, కాదనను. కాని అందలి ప్రాణము ఎవరిది? హెరాతువారు దానికి మర్యాద నేర్పిరి. ఉద్రేకమును తుర్కమానులే యిచ్చిరి. సఫవీలను నెత్తిన పెట్టుకొని తుర్కమానులను చవుకబాఱు వారనుట, బిడ్డను ముద్దాడి తల్లిని గుమ్మములో నిలుపుట.

అంగడి యను మాట వచ్చినది గనుక మఱియొక ముచ్చట చెప్పక తప్పదు. ఆ తహ్మాస్పు షాహ్‌నామాలో 258 చిత్రములుండెను. 1568లో అది తుర్కీ సుల్తాను రెండవ సెలీమునకు కానుకగా పోయి, కడకు 1959లో ఆర్థర్ హౌటను అను అమెరికా ధనికుని సొత్తయ్యెను. ఆయన దానిని విప్పించెను. 78 చిత్రములు న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియమునకు చేరినవి. 1976నుండి విడిపత్రములు లండనులో వేలమునకు వచ్చినవి. మిగిలిన గ్రంథభాగమును 118 చిత్రములతో గూడ 1994లో వియన్నా విమానాశ్రయమున ఇరాను ప్రభుత్వమునకు అప్పగించి, మారుగా డి కూనింగు వ్రాసిన ఒక స్త్రీచిత్రమును తీసికొనిరి. పెద్దతలల షాహ్‌నామాయు ఇట్లే పత్రము పత్రముగా చెదరినది. షీరాజువాడు పుస్తకమును పుస్తకముగా అమ్మెను. ఉత్తమము, మధ్యమము, అధమమని చిత్రములకు మార్కులు వేయు రసజ్ఞత ముదిరినప్పుడు, కథలోనుండి బొమ్మను పెఱికి అమ్ముట ధర్మముగానే తోచును. వాణిజ్యశైలి యెవరిదో పాఠకులే నిర్ణయింతురుగాక.

ఇట గోల్కొండకు వత్తము. 1617లో పూర్తియైన కుతుబ్‌షాహీ ఆస్థానచరిత్ర ప్రకారము, వంశస్థాపకుడైన సుల్తాను కులీ హమదాను ప్రాంతపు సాదాబాదువాడు. నల్లగొఱ్ఱెల రాజకుటుంబమునకు చెందినవాడు. రాజ్యమును కోల్పోయిన తన కులముపై తెల్లగొఱ్ఱెల యాకూబునకు శంక పొడమగా, పినతండ్రితో కూడి దక్కనునకు తరలివచ్చెను. వ్లదీమిర్ మినోర్‌స్కీ 1955లో ఈ రెండు వంశముల సంబంధముపై ప్రత్యేకముగ ఒక వ్యాసమే వ్రాసెను. విధివిలాసము చూడుడు: ఏ యాకూబు కొలువులో షేఖీ ఖమ్సాకు రంగులు దిద్దెనో ఆ యాకూబు భయముననే మన తెలంగాణమునకొక ప్రభువు లభించెను!

అయితే ఈ వంశవృక్షమును చూపి, గోల్కొండ చిత్రములు తుర్కమాను చిత్రములే యని చంకలు గ్రుద్దుకొనువారితోను నాకు పొత్తు కుదరదు. రాజు నెత్తురు చిత్రకారుని కుంచెలోనికి పాఱదు. దక్కనునకు తుర్కమాను ఫణితిని తెచ్చినవి వంశములు కావు. అంగళ్లలో దొరకు ఆ షీరాజు గ్రంథములే, వానిని మూటగట్టి తెచ్చిన వర్తకులే, హుర్ముజునుండి వచ్చు ఓడలే. ఆస్థానపు పెట్టెలో దాచబడిన ఖమ్సా ఇస్తాంబూలు దాటి రాలేదు. వెలకు దొరకు పుస్తకము మాండూకు వచ్చినది, బీదరునకు వచ్చినది, గోల్కొండకు వచ్చినది. మనవారు దోషమనుకొన్న గుణమే మనకు మేలుచేసినదని దీనివలన తేలుచున్నది. మఱియొకటియు ఒప్పుకొనవలసియున్నది: తహ్మాస్పు షాహ్‌నామాతో తులతూగు ఇతిహాసగ్రంథమును గోల్కొండ ఈయలేదు. దాని మనస్సు వీరగాథపై కాక నీతికథపైనను ప్రణయగీతముపైనను లగ్నమైనది. లండనులోని విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియమున 16వ శతాబ్దికి చెందిన గోల్కొండ ‘అన్వారె సుహైలీ’ గలదు. అది మన పంచతంత్రమే. పారసీక చక్రవర్తి అనూషిర్వాను కాలమున బుర్జోయి అను వైద్యుడు భారతదేశమునుండి కొనిపోగా, ఆ ప్రయాణవృత్తాంతమును ఫిరదౌసి షాహ్‌నామాలోనే వర్ణించెను. పహ్లవీ, అరబ్బీ, పారసీకములలో తిరిగి తిరిగి, హెరాతులో హుసేను కాషిఫీ చేతులలో కొత్తరూపు దాల్చి, కడకు పుట్టినింటికి బొమ్మలతో సహా తిరిగివచ్చెను. అనుకరణమట! కరటక దమనకులను తిరిగి తెచ్చినవానిని పట్టుకొని, నీవు పరాయి సొమ్ము తెచ్చితివని గద్దించినట్లున్నది.

మహమ్మదు కులీ కుతుబ్‌షా దక్కనీ కవితల సంపుటము, ఆయన కాలపు చిత్రములతో, హైదరాబాదు సాలార్‌జంగు మ్యూజియమున నేటికిని గలదు. ఆ చిత్రములలో బంగారము దాచుకొనకుండ వాడబడినది. కొలువుకూటములు జాతరవలె క్రిక్కిఱిసియుండును. షీరాజు మితవ్యయము ఇందు లేదు, హెరాతు నెమ్మది లేదు, మొగలాయి యథార్థదృష్టి అసలే లేదు. 1937లో స్టెల్లా క్రామ్రిష్ దక్కను చిత్రములపై గ్రంథము వెలువరించునప్పటికి వీనిని మొగలాయి చిత్రములకు తోకగానో పారసీక చిత్రములకు నీడగానో పండితులు లెక్కించుచుండిరి. 1958లో డగ్లస్ బ్యారెట్, 1983లో మార్క్ జెబ్రౌస్కీ వ్రాసిన గ్రంథముల తరువాతగాని ఈ కళకు దానిదైన మొగమున్నదని లోకము పూర్తిగా నమ్మలేదు. మన ప్రసంగకర్తలు మాత్రము నేటికిని 1937కు ఈవలకు రాలేదు.

కట్టకడపటి మాట: తెలుగువానికి దీనితో పొత్తులేదనుట. ఇబ్రహీం కుతుబ్‌షా రాజగుటకు ముందు ఏడేండ్లు విజయనగరమున అళియ రామరాయల ఆశ్రయమున గడపెను, అద్దంకి గంగాధరకవి ‘తపతీసంవరణోపాఖ్యానము’ను ఆయనకు అంకితమిచ్చెను, మన కవులు ఆయనను మల్కిభరాముడని పిలిచికొనిరి. పటాన్‌చెరువు అమీన్‌ఖానునకు పొన్నికంటి తెలగన అచ్చతెనుగు ‘యయాతిచరిత్ర’ను అంకితమిచ్చెను. మహాభారతోపాఖ్యానమును తుర్కమాను సంతతివాని పేర అంకితమిచ్చి మన సాహిత్యచరిత్రలో సగర్వముగా చేర్చుకొన్నాము. అదే కొలువున అదే కాలమున వ్రాసిన బొమ్మ మాత్రము పరాయిదైనది. కావ్యమునకొక న్యాయము, చిత్రమునకొక న్యాయమా? లిపి తెలియనందున గ్రంథము దూరమైనదందురేమో. బొమ్మ చూచుటకు లిపి యేల? మా యూరి కరగలో ద్రౌపదీదేవిని శిరమున మోయువాడు తిగళకులపు తోటమాలి. నీకు వ్యాసునితో చుట్టరికమేమని అతని నెవ్వరు నిలదీయలేదు. ఇతిహాసము మోసినవానిదగును. అర్జునుని కథను లేపాక్షి కప్పుపై వ్రాసినవాడును, మార్కండేయ పురాణమును చేర్యాల పటముపై వ్రాసి ఊరూర విప్పించిన నకాషీవాడును మనవారైనప్పుడు, గోల్కొండ కోటలో కూర్చుండి పంచతంత్రమును వ్రాసినవాడు కాకపోవుటకు కారణమును ఎవరును చూపలేదు.

ఆస్థానములతోపాటు ఆ కళయు అంతరించెను గదా యను వాదమును వినియున్నాను. 1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకొనుటకు ముందే అచ్చటి చిత్రకారులు ఓలందా వర్తకులకు సుల్తానుల, సర్దారుల రూపచిత్రములను సంపుటములుగా కట్టి అమ్ముచుండిరి; ఆమ్‌స్టర్‌డాము నగరాధిపతి విట్సెను చేరదీసిన అట్టి సంపుటము నేడు రైక్స్‌మ్యూజియమున నున్నది. దీనినిగూడ అంగడిసరకనియే తీసివేయుచున్నారు. షీరాజుపై వేసిన నిందనే రెండువందల యేండ్ల తరువాత గోల్కొండపైనను వేయుచున్నారు. ఇంతకును వారు లెక్కకు తీసికొనని సాక్ష్యమొకటి మన సముద్రతీరమున నున్నది. 1640-50 ప్రాంతమున గోల్కొండ రాజ్యపు నూలుగుడ్డలపై వ్రాసిన రుమాలులు కొన్ని మెట్రోపాలిటన్ మ్యూజియమువంటి చోట్ల భద్రపఱుపబడినవి. వానిపై పారసీకపు తలపాగాలవారు పాత్రలెత్తి త్రాగుచుందురు, గుఱ్ఱములపై వేటాడుచుందురు, పూలపొదల నడుమ ప్రియులు కూర్చుండుదురు. అంచులచుట్టు, షీరాజు పుటలో నేలయంతట మొలచినట్లే, పచ్చిక గుబుళ్లు. కాని వానిని కాగితముపై కుంచెతో వ్రాయలేదు. గుడ్డను కరక్కాయ పాలలో నానబెట్టి, ఇనుపకారుతో నల్లగీత తీసి, పటిక పూసి, చిరివేరు ఎఱుపులో ఉడికించి, మైనము కప్పి నీలిలో ముంచి, వాగుటొడ్డున ఉదికి ఆరవేసి, మరల కలము పట్టిరి. ఈ పని తబ్రీజువానికి తెలియదు, హెరాతువానికి తెలియదు. మచిలీపట్టణము, నిజాంపట్టణముల చుట్టుపట్ల అద్దకపువాండ్రకు తెలియును. గోల్కొండ చిత్రము తెలుగు చేయి తగులని పరాయి యనుకరణమని పలుకువారు, ఆ రుమాలులమీది పారసీక వేటగానికి మీసము దిద్దిన కలము ఎవరి చేతిలో నుండెనో ముందుగా సెలవిత్తురుగాక.